తాతయ్య ఇచ్చిన వాచీ చేతికుంది, టైము చూడడం రాదు

ఈ వారం ఉత్తరం కోనసీమలోని ఒక లంక గ్రామం నుంచి వచ్చింది. రాసిన అమ్మాయికి 19 ఏళ్లు. జీఎన్‌ఎం నర్సింగు రెండో సంవత్సరం చదువుతోంది. పేరు, ఊరు, కాలేజీ బయటపెట్టవద్దని కోరింది కాబట్టి అవేవీ ఇక్కడ లేవు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి చెబుతున్నాను.

ఆమెకు ముళ్ల గడియారంలో టైము చూడడం రాదు. చిన్న తరగతిలో ఆ పాఠం చెప్పిన రోజుల్లో పచ్చకామెర్లు వచ్చి రెండు నెలలు బడికి వెళ్లలేదు. తిరిగి వెళ్లేసరికి పాఠం అయిపోయింది. ఆ తర్వాత అడిగినవారు లేరు, చెప్పినవారూ లేరు. ఇంట్లో టీవీ దగ్గర అంకెలు, కొన్నాళ్లకు చేతిలో ఫోను. పైగా వాళ్ల తాతయ్య దగ్గర్లోని పట్టణంలో నలభై ఏళ్లు వాచీలు బాగుచేసిన మనిషి. "వాచీల తాత మనవరాలికి టైము రాదని ఎవరైనా అనుకుంటారా?" అని రాసింది.

వార్డులో ఫోను ముట్టుకోకూడదు. గోడకు ఉన్నది ముళ్ల గడియారం. ఇంతకాలం హాస్టల్లో తన గదిలోనే ఉండే స్నేహితురాలి అంకెల వాచీని ఓరకంట చూస్తూ, లేదంటే ఊరికే అడిగినట్టు అడుగుతూ నెట్టుకొచ్చింది. పోయిన నెల రాత్రి డ్యూటీలో స్నేహితురాలు వేరే వార్డులో ఉంది. తెల్లవారుజామున ఒక రోగికి జ్వరం చూసి, మాత్ర వేసి, చార్టులో 6:50 అని రాసింది. అప్పటికి ఇంకా ఆరు కాలేదు. స్టాఫ్ నర్స్ చూసి, "గంట ముందుకు ఎలా వెళ్లావమ్మా, నిద్రమత్తా?" అని కోప్పడి దిద్దింది. రోగికి ఏమీ కాలేదు. కానీ ఆరు గంటలకోసారి వేసే మాత్ర, ఆ లెక్కన తర్వాతి మోతాదు గంట ఆలస్యమయ్యేది. అప్పటినుంచి తనకు కంటి మీద కునుకు లేదట.

కాలేజీలో చేరినప్పుడు తాతయ్య తాను దాచుకున్న కీ ఇచ్చే హెచ్‌ఎంటీ వాచీని ఆమె చేతికి కట్టాడు. ఇంటికి వెళ్లినప్పుడల్లా "కీ ఇస్తున్నావా తల్లీ?" అని అడుగుతాడు. "ఇస్తున్నాను తాతయ్యా" అంటుంది. ఆ వాచీ సంక్రాంతి నుంచి ఆగిపోయి ఉంది. "చిన్న ముల్లు 9 దాటింది, పెద్దది 4 మీద ఉంది, అది ఎంతో నాకు తెలియదు" అని రాసింది. తాతయ్యకు చెప్పాలంటే భయం. పక్కింటి అబ్బాయి ఒకడు టైము చెప్పలేకపోతే "ఇక వీడేం చదివినట్టు!" అని ఆయన నవ్వడం చిన్నప్పుడు విన్నది. కాలేజీలో చెబితే ఇంటికి పంపేస్తారేమోనని ఇంకో భయం. ఆమె అడిగేది: ఈ కాలంలో ముళ్ల గడియారం నేర్చుకోవడం నిజంగా అవసరమా? ఒక అంకెల వాచీ కొనుక్కుని ఈ గొడవ మరిచిపోకూడదా? ఎవరికైనా చెప్పాలా?

అమ్మాయీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి నాకే సిగ్గేసింది. ఎందుకో కాసేపాగి చెబుతాను. ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని, నీ వయసు పిల్లను 'మీరు' అనడం నా వల్ల కాదు.

టైము చూడడం రాకపోవడం వేరు, రాదని దాచడం వేరు. రాకపోయినా 19 ఏళ్లు నీకు ఏ లోటూ జరగలేదు. బడికి వెళ్లావు, పరీక్షలు రాశావు, పడవ దాటి కాలేజీలో చేరావు. చార్టులో గంట తేడా వచ్చింది దాచడం వల్ల. ఆ రాత్రి పక్కన ఎవరినైనా "సిస్టర్, టైమెంత?" అని అడిగి ఉంటే ఆ తప్పు పడేది కాదు. అడిగితే బయటపడిపోతానన్న భయం నీ చేత రాయించిన అంకె అది.

కాబట్టి ముందు చేయవలసింది చిన్న పని. మళ్లీ డ్యూటీకి వెళ్లేలోపు సెకన్లు కూడా కనిపించే అంకెల వాచీ ఒకటి కొనుక్కో. నువ్వు నేర్చుకునేదాకా వార్డులో మందులు ఆగవు. అంకెల వాచీ చూసి రాసిన టైము కూడా సరైన టైమే, అందులో నామోషీ ఏమీ లేదు. కొన్ని ఆసుపత్రుల్లో మణికట్టుకు వాచీ వద్దంటారు, చేతులు సరిగ్గా కడుక్కోవడం కుదరదని. మీ దగ్గరా అదే నియమం ఉంటే యూనిఫాం మీద పిన్నుతో తలకిందులుగా వేలాడదీసుకునేవి దొరుకుతాయి. మనం వంగి చూస్తే అది నిటారుగా కనిపిస్తుంది.

ఇక దానితోనే ఉండిపోవచ్చా అంటే, ఉండిపోవచ్చు. ముళ్ల గడియారం రాకపోతే బతుకు సాగదని నేను బొంకను. 2018లో బ్రిటన్‌లో కొన్ని బడులు పరీక్ష హాళ్లలో ముళ్ల గడియారాలు తీసేసి అంకెలవి పెడుతున్నాయని వార్తలు వచ్చాయి. పరీక్ష కంగారులో ఉన్న పిల్లలకు ఇంకా ఎంత టైము మిగిలిందో తెలియడం లేదని అక్కడి పంతుళ్లు చెప్పారు. ఆ వార్త చూసి ఇక్కడ బుగ్గలు నొక్కుకున్న పెద్దలు నాకు తెలుసు. ఎవరికైనా డబ్బు పంపాలంటే ఫోను తీసుకెళ్లి మనవడి చేతిలో పెట్టేది కూడా వాళ్లే. ప్రతి తరానికీ ఒకటి రాదు, అంతే. రైల్వే, బ్యాంకు పరీక్షల్లో 3:15కి రెండు ముళ్ల మధ్య కోణం ఎంత అని అడుగుతారు కదా అనేవారూ ఉన్నారు. ఏడున్నర డిగ్రీలు. ఆ ఒక్క మార్కు కోసం గడియారం నేర్చుకోమని నేను ఎవరికీ చెప్పను.

మా నాయనమ్మకు గడియారం చూడడం రాదు. ఏనాడూ లాంచీ తప్పిపోలేదు. తొలి కోడి కూసినప్పుడు లేచేది. మేం ఇంకా పక్కల మీదే ఉంటే "బారెడు పొద్దెక్కింది, లేవండర్రా" అని అరిచేది. సాయంత్రం "మూరెడు పొద్దుంది, ఈలోపు గడ్డి కోసుకురా" అని మా బాబాయిని తరిమేది. బారెడు, మూరెడు అంటే చేతులతో ఆకాశాన్ని కొలిచిన కొలతలు కదా. ఎన్ని గంటలు అన్నది ఆమెకు పట్టదు, ఎంత ఉంది అన్నదే ఆమె లెక్క. ఆమె లెక్క రేడియో టైముకు పెద్దగా తప్పేది కాదు. దానికి మన నేల సాయం కూడా ఉందిలే. దేశమంతటి గడియారాలకు ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం కాకినాడకు కాస్త తూర్పుగా పోతుంది. ముంబయిలో ఎండ లెక్క ఏడాది సగటున గడియారం కంటే దాదాపు 39 నిమిషాలు వెనకబడి ఉంటుంది, మన దగ్గర ఆ తేడా రెండు మూడు నిమిషాలే. అన్నవరం వ్రతానికి వెళ్లినప్పుడు కొండ మీద నీడ గడియారం చూసే ఉంటావు. అందరూ దాని ముందు ఫొటో దిగి ప్రసాదం వైపు వెళ్లిపోతారు. అక్కడ నీడే ముల్లు.

ముళ్ల గడియారం చేసేదీ మా నాయనమ్మ చేసిన పనే. అంకెల వాచీ 5:50 అని చెప్పి ఊరుకుంటుంది, ఆరుకు ఎంత ఉందో నువ్వు తీసివేసుకోవాలి. ముళ్ల గడియారంలో ఆ పది నిమిషాలూ ఇంత స్థలంగా కంటి ముందు ఉంటాయి. బ్రిటన్ పిల్లలకు అందకపోయింది సరిగ్గా అదే. మిగిలిన టైమును చూసి చెప్పడానికే పుట్టిన వస్తువు అది, దాని ముందు కూర్చుని మిగిలింది ఎంతో తెలియలేదంటే నాకు కొంచెం జాలేసింది.

నీ సంగతికి వస్తే, నువ్వు వేరే చదువు చదువుతూ ఉంటే "ఇష్టమైతే నేర్చుకో" అని ఇక్కడితో ఆపేదాన్ని. నీ పని వేరు. నాడి చూస్తున్నావనుకో. వేళ్ల కింద దెబ్బలను మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతున్నావు. కంటి ముందు వాచీలో 41, 42, 43 అని అంకెలు మారుతున్నాయి. రెండు లెక్కలూ ఒకదాని మీద ఒకటి పడతాయి, ఎక్కడున్నావో మరిచిపోతావు. సెకన్ల ముల్లు అయితే నోరెత్తదు. 12 దగ్గర మొదలుపెట్టి 6 దగ్గర ఆపితే అర నిమిషం, వచ్చినదాన్ని రెట్టింపు చేస్తావు. నాడి తడబడుతూ ఉంటే పూర్తి చుట్టు చూస్తావు. పసిపిల్లల ఊపిరి ఎలాగూ నిమిషం పాటు చూడవలసిందే. రెండు నెలలు దాటి ఏడాది నిండని బిడ్డకు నిమిషానికి 50, ఆపైన ఉంటే వేగం ఎక్కువని నీ పాఠంలోనే ఉంటుంది. ఆ చిన్న పొట్ట ఎగసిపడుతుంటే చూపు దాని మీదే ఉండాలి, ముల్లును ఓరకంట గమనించాలి.

సెలైన్ సంగతీ అంతే. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో ఎక్కాలి, 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు పడే సెట్టు. నిమిషానికి దాదాపు 42 చుక్కలు. వాచీని ఆ చుక్కలు పడే గొట్టం పక్కన ఎత్తి పట్టుకుని, ముల్లు 12 నుంచి 3కి వచ్చేలోపు పది, పదకొండు పడుతున్నాయా అని చూస్తూ రెండో చేత్తో చక్రం తిప్పుతారు. మీ సీనియర్లు చేస్తుంటే చూసే ఉంటావు. అంకెల వాచీతో ఇవి కుదరవని కాదు, కుదురుతాయి. బీప్ కొట్టే టైమర్లు ఉన్నాయి, చుక్కలు లెక్కపెట్టే యంత్రాలూ ఉన్నాయి. అవి లేని వార్డులో, కరెంటు లేని ఆరోగ్య ఉపకేంద్రంలో నీకు కష్టం ఎక్కువవుతుంది, అంతవరకే నా మాట.

ఇంకొకటి ఉంది, దీనికి మాత్రం అంకెల వాచీ అక్కరకు రాదు. జ్ఞాపకశక్తి తగ్గుతోందని అనుమానం వచ్చిన పెద్దవాళ్లకు డాక్టర్లు ఒక కాగితం ఇచ్చి, గుండ్రంగా గడియారం గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించమంటారు. అంకెలన్నీ ఒక పక్కకు పోగుపడ్డాయా, ముళ్లు ఎక్కడ పెట్టారు అన్నది చూసి వ్యాధి జాడ పసిగడతారు. రేపు ఒక ముసలాయన గీసిన ఆ కాగితం నీ చేతికి వస్తే, అది సరిగ్గా ఉందో లేదో నీకు తెలియాలి కదా.

ఇప్పుడు నా సిగ్గు సంగతి. నువ్వు 5:50ని 6:50గా ఎందుకు చదివావో నాకు తెలుసు. ఆ తప్పు నేర్పింది మేమే. బడిలో మేము అట్టతో చేసిన గడియారం చూపించేవాళ్లం. దాని ముళ్లు రెండూ విడివిడిగా తిరిగేవి. ఐదూ యాభై చెప్పాలంటే చిన్న ముల్లును సరిగ్గా 5 మీద పెట్టి, పెద్దదాన్ని 10 మీద పెట్టేవాళ్లం. నిజం గడియారంలో అలా ఎప్పుడూ ఉండదు. లోపల పళ్ల చక్రాలు రెండు ముళ్లనూ కలిపే తిప్పుతాయి, 5:50కి చిన్న ముల్లు ఆరును దాదాపు తాకుతూ ఉంటుంది. అట్ట గడియారంతో నేర్చుకున్న పిల్ల గోడ గడియారం చూసి "ఆరు మీద ఉంది కదా" అనుకుని ఆరూ యాభై అంటుంది. నువ్వు ఆ పాఠమే వినలేదు, అయినా పుస్తకాల్లో బొమ్మల వల్లనో, ఊహించుకునో అక్కడికే చేరావు. నా తరగతిలో ఇలా ఎందరు మిగిలిపోయారో.

సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం ఎప్పుడైనా వెళ్లావా? వశిష్ఠ గోదావరి మధ్యలోకి వచ్చేసరికి అవతలి రేవులో మనుషులు కనిపిస్తారు. ఇంకాసేపటికి టీ కొట్టు మీద రాతలూ కనిపిస్తాయి. అయినా పంటు రేవును తాకేదాకా నువ్వు నరసాపురంలో దిగినట్టు కాదు, ఫోనులో ఎవరైనా అడిగితే "ఇంకా దాటుతున్నాం" అనే చెబుతావు. చిన్న ముల్లూ అంతే. ఆరుకు ఎంత దగ్గరగా ఉన్నా, తాకేదాకా అది ఐదు దాటాక సాగే ప్రయాణమే. దగ్గరున్న అంకెను కాదు, దాటి వచ్చిన అంకెను చదవాలి.

ఒక వారం పెద్ద ముల్లు జోలికే పోకు. మొదట్లో యూరపులో గోపురాల మీద గడియారాలకు ఉన్నది ఒకే ముల్లు, గంటల ముల్లు. ఆ ఒక్కదానితోనే జనం పనులు చేసుకున్నారు. నువ్వూ చిన్న ముల్లును మాత్రమే చూసి నాలుగు దాటింది, నాలుగున్నర, ఐదు కావస్తోంది అని మనసులో అనుకో. వెంటనే అంకెల వాచీతో సరిచూసుకో, కొన్నది ఇందుకూ పనికొస్తుంది. మన మాటల్లోనే గడియారం ఉంది చూడు: పావు, అర, ముప్పావు. 'పది నిమిషాలు తక్కువ ఆరు' అని నువ్వు వెయ్యిసార్లు అని ఉంటావు, అది ముళ్లను చూసి పుట్టిన మాటే. చిన్న ముల్లు కుదిరాక పెద్దదానికి కావలసింది ఐదో ఎక్కం ఒక్కటే. పది, పదిహేను రోజుల్లో వచ్చేస్తుంది. మన పట్టణాల్లో గడియార స్తంభాలను మాత్రం నమ్ముకోకు, నాలుగు ముఖాలకూ నాలుగు టైములు ఉంటాయి.

ఎవరికీ చెప్పకుండా ఇదంతా నువ్వే చేసుకోవచ్చు. తప్పేమీ లేదు. చిక్కల్లా ఒకటే, నీ తప్పు నీకు కనబడదు. ఆ రాత్రి కూడా నువ్వు సరిగ్గానే రాశాననుకున్నావు. అందుకని రెండు వారాలపాటు నువ్వు చార్టులో రాసే టైమును ఇంకొక జత కళ్లు చూడడం మంచిది. ఆ కళ్లు నీ గదిలో ఉండే స్నేహితురాలివి కావచ్చు. ఇన్నాళ్లూ నువ్వు టైము అడిగినప్పుడల్లా విసుక్కోకుండా చెప్పిన పిల్ల, ఇంత సంగతికి నవ్వి ఊరుకుంటుంది. కానీ ఆమె అన్ని డ్యూటీల్లో నీ పక్కన ఉండదు.

నిన్ను కోప్పడిన స్టాఫ్ నర్సుకు చెప్పడం ఇంకో దారి. "సిస్టర్, ఆ రోజు నిద్రమత్తు కాదు, గంట మారే ముందు చిన్న ముల్లు చూసి తికమకపడుతున్నాను, నేర్చుకుంటున్నాను, కొన్నాళ్లు నా చార్టు ఒకసారి చూడండి" అంటే చాలు. ఆవిడ మనసు ఎలాంటిదో నాకు తెలియదు, నీకు తెలుసు. వార్డులో రెండు రోజులు నవ్వుకోవచ్చు. ట్యూటర్ దాకా వెళ్లవచ్చు. టైము చూడరాదని చదువు మాన్పించి ఇంటికి పంపుతారన్న భయం మాత్రం అనవసరం. నర్సింగు చదువు నేర్పేచోటికి ఇది నేర్పలేనంత పెద్ద విషయం కాదు. తెలిసీ దాచి రెండోసారి తప్పు రాస్తే అది వేరే కథ, అప్పుడు నీ మిగతా రాతలనూ అనుమానంగా చూస్తారు. నేనైతే ఆవిడకు చెప్పేదాన్ని. నువ్వు నేను కావు, ఆ వార్డులో రోజూ నిలబడవలసింది నువ్వు.

తాతయ్య విషయం దీనికంటే కష్టం. నాకు ఒక అనుమానం ఉంది, ఊహే అనుకో. నలభై ఏళ్లు కంటికి భూతద్దం బిగించుకుని వాచీలు చూసిన మనిషికి మనవరాలి చేతికున్న వాచీ ఆగిపోయిందని గడప దగ్గరే తెలియదా? "కీ ఇస్తున్నావా" అని ప్రతిసారీ అడుగుతున్నాడంటే, నీ అంతట నువ్వు చెబుతావని చూస్తున్నాడేమో. పక్కింటి కుర్రాడిని చూసి నవ్వింది నిజమే. వాడు సొంత మనవడు కాదు, నవ్వడం తేలిక. నీ విషయం తెలిస్తే ఆయన నీ మీద కోప్పడడం కంటే, ఇంటినిండా గడియారాలు పెట్టుకుని ఒక్క పూట కూర్చోబెట్టి నేర్పలేదే అని తనలో తాను కుమిలే అవకాశమే ఎక్కువ. దానికి నువ్వు సిద్ధపడాలి. ఆ ముఖం చూడడం తిట్లు తినడం కంటే కష్టంగా ఉంటుంది.

అంతా ఒకేసారి చెప్పడం కుదరకపోతే, "వాచీ ఆగిపోయింది తాతయ్యా, వెనక మూత తీసి లోపల ఎలా తిరుగుతుందో చూపించవా" అని అడుగు. అది అబద్ధం కాదు. ఆయన పట్టకారుతో ఒక్కో చక్రం చూపిస్తూ పోతే ముళ్లు రెండూ ఎందుకు కలిసి నడుస్తాయో నీకు ఏ పంతులమ్మా చెప్పలేనంత బాగా అర్థమవుతుంది. కానీ అసలు మాట గొంతులోనే ఉండిపోతుంది, ఇంకోసారి మళ్లీ మోయాలి. మొత్తం చెప్పేస్తే బరువు దిగిపోతుంది, సాయంత్రం అరుగు మీద నలుగురిలో అంటాడేమోనన్న భయం మిగులుతుంది. "ఇది మనిద్దరి మధ్యే ఉండాలి" అని ముందే మాట తీసుకో. ముసలివాళ్లు మనవరాళ్లకు ఇచ్చిన మాట తప్పడం నేను తక్కువగా చూశాను. మా ఆయన ఒక్కడే మినహాయింపు.

ఆ వాచీని వార్డుకు మాత్రం తీసుకెళ్లకు. 1961లో జపాను సిటిజన్ సంస్థ సాయంతో బెంగళూరులో మొదలైన ఆ వాచీల తయారీని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించింది. రోజుకు యాభైసార్లు చేతులు కడుక్కునేచోట నీళ్లు దిగితే విడిభాగాల కోసం తాతయ్య ఊళ్లు తిరగాలి. గదిలో పెట్టుకుని రోజూ పొద్దున ఒకే వేళకు కీ ఇవ్వు. బిగిసినట్టు అనిపించగానే ఆపెయ్యి, బలవంతంగా తిప్పకు. ఎంత ఇచ్చినా కదలకపోతే అప్పుడు తాతయ్య దగ్గరికి వెళ్లడానికి నిజంగానే ఒక పని ఉన్నట్టు.

కీ ఇచ్చే ముందు ఒకసారి దాన్ని వెలుతురులో పెట్టి చూడు. చిన్న ముల్లు 9 దాటింది అని ఉత్తరంలో నువ్వే రాశావు. 'దాటింది' అన్న మాట నీకు ఎవరూ చెప్పలేదు. పెద్ద ముల్లు 4 మీద ఉంది, ఐదో ఎక్కం నీకు వచ్చు.